పూర్తి వాక్యంలో చెప్పాలె

పద్మలతకు ఇంగ్లీషు చదివి రాసే పరీక్షలో యాభైకి నలభై ఏడు వచ్చాయి. విని రాసే పరీక్షలో ఆరు వచ్చాయి. ఒక మనిషిని దొంగ అనడానికి ఆమె పనిచేసే చొక్కాల కంపెనీకి ఈ రెండంకెలు చాలు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక క్యాంటీన్‌లో ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లను నిలబెట్టి ప్రణయ్ మార్కులు చదివాడు. ప్రణయ్ అంటే కంపెనీలో మనుషుల్ని పెట్టేవాడు, తీసేవాడు. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు హెచ్చార్. ఇరవై ఎనిమిదేళ్లవాడు. కరీంనగర్ నుంచి రోజూ కారులో సిరిసిల్ల వచ్చి పోతాడు. చదివేటప్పుడు కాగితం మూతికి అడ్డం పెట్టుకుంటాడు, మాట్లాడేటప్పుడు పిడికిలి అడ్డం పెట్టుకుంటాడు. అందుకే తన పేరు చదివిన సంగతి పద్మలతకు తెలియలేదు. పక్కనున్న కనకవ్వ మోచేత్తో పొడిచింది.

ప్రణయ్ కాగితం దించి నవ్వాడు. "ఇదెట్ల అయితదమ్మా? ఫోన్‌లో ఒకాయన హోటల్ రూమ్ అడిగితే అర్థం కాలే నీకు. అర పేజీ కంప్లెయింట్ లెటర్ ఇస్తే మాత్రం అన్ని జవాబులు కరెక్ట్. ఎవరి దగ్గర చూసి రాసినవ్?"

"ఎవ్వల దగ్గర సూడలే సార్. సదివిన, రాసిన."

"పక్కన ఎవరు కూర్చున్నరు?"

కనకవ్వ చెయ్యెత్తింది. "నేను సార్. నాకు పందొమ్మిదొచ్చినయ్."

"ఇటు పక్క?"

"మమతారాణి సార్, ముప్పై ఒకటి."

పద్మలత ఇద్దరి మొహాలూ చూసి అంది: "గీమెకు పందొమ్మిది, గామెకు ముప్పై ఒకటి. ఇద్దరి నడుమ కూసొని నలభై ఏడు కాపీ కొట్టిన్నా సార్? ఎట్ల కొట్టిన్నో జర మీరే చెప్పుండ్రి, నేను గూడ నేర్చుకుంట."

ఆడవాళ్లు నవ్వారు. కనకవ్వ అందరికంటే గట్టిగా నవ్వింది. మెడలో కార్డు వేసుకుని తిరిగేవాళ్లు తిట్టునైనా ఓర్చుకుంటారు గాని మిషన్ మీద కూర్చున్నామె నవ్వును ఓర్చుకోరు. ప్రణయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ముప్పై తారీఖున లిజనింగ్ మళ్లీ పెడుతున్న. ఇరవై రాకపోతే లైన్ మీద ఉండవు. ఊరికే కూడా పంపను. కాపీ కొట్టిందని ఫైల్లో రాసి పంపిస్త. ఈ చుట్టుపక్కల ఏ కంపెనీ గేటు దాటుతవో చూస్త." ఆ ముక్క మాత్రం పిడికిలి తీసి స్పష్టంగా అన్నాడు. పద్మలతకు ఒక్క అక్షరం పోకుండా అర్థమైంది.

విని రాసే దాంట్లో ఇరవై దాటని వాళ్లు మొత్తం పదకొండు మంది. పదకొండు మందీ ఈ కంపెనీకి రాకముందు సాంచాల మీద పని చేసినవాళ్లే. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. సిరిసిల్లలో పుట్టిన పద్మశాలి పిల్ల తల్లి గొంతు కన్నా ముందు సాంచా చప్పుడు వింటుంది. పదకొండు మంది దరఖాస్తు ఫారాల్లోనూ 'ఇంతకుముందు చేసిన పని' అనే గడి ఉంది, అందులో వాళ్లు రాసే ఉంచారు. ఆ గడి ఎవరూ చూడలేదు.

అసలు ఈ ఇంగ్లీషు పీడ ఐదు నెలల కింద వచ్చింది. చొక్కాలు కొనే విదేశీ కంపెనీ వాళ్లు, మీ దగ్గర కుట్టేవాళ్లకు ఇంగ్లీషు అర్థం కావాలన్నారట. కొనేవాళ్లు ఏడాదికి రెండుసార్లు వస్తారు. వచ్చినప్పుడు కుట్టే ఆమెతో మాట్లాడరు, ఆమె వెనకాల నిలబడి వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. అయినా సరే, ముప్పై ఎనిమిది మందిని ఏరి, పని దిగాక అరగంట కూర్చోబెట్టి 'వ్యాపారంలో, నిత్యజీవితంలో ఇంగ్లీషు అర్థం చేసుకొనుట' అని మొదలుపెట్టారు. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్న నడుము సాయంత్రం ఐదింటికి లేవకుండా, బ్రౌన్ దొర హోటల్ గది గురించి, స్మిత్ దొరసానికి చిరిగిన అట్టపెట్టెల్లో అందిన సరుకు గురించి వినాలి. నిత్యజీవితమట! సిరిసిల్లలో ఎవరి నిత్యజీవితంలో హోటల్ గది ఉంది?

పద్మలత మాత్రం ఆ చదువును వదల్లేదు. పదో తరగతి పాసైన నాటి నుంచి ఆమెకు అక్షరమంటే ఆకలి. కంపెనీలో మూడేళ్లుగా ఆమె పని చొక్కా మెడలో చీటీ కుట్టడం. రోజుకు వందల చీటీలు. ఒకరోజు ఆ చీటీ మీద ఏం రాసి ఉందని సూపర్‌వైజర్‌ను అడిగితే "కుట్టు, చదవకు" అన్నాడు. ఆ రోజు నుంచి చదవడం మొదలుపెట్టింది. ముదురు రంగులు వేరుగా ఉతకండి. పిండకండి. నీడన ఆరేయండి. బిడ్డ నవ్యశ్రీ డిగ్రీ చదువుతుంది, ఆమె పాత డిక్షనరీ పద్మలత వంటింట్లో ఉప్పు డబ్బా పక్కకు చేరింది. నలభై ఏడు మార్కులు అట్లా వచ్చాయి. చీటీ చీటీకి వచ్చాయి.

వినేది మాత్రం రాలేదు. సాయంత్రం నవ్యశ్రీ ఫోన్‌లో పాఠం పెట్టి, సౌండ్ మొత్తం పెంచి, ఎదురుగా కూర్చుంది.

"చెప్పవ్వా, బ్రౌన్ ఏం అడిగిండు?"

"ఆయన నోరు తెరిస్తే గద చెప్పేది. నోట్లె అన్నం బుక్క పెట్టుకొని మాట్లాడుతున్నడు."

"అవ్వా, మంచిగనే మాట్లాడుతుండు."

"నీకు కాలేజీల అలవాటైంది. గా భాషనే గట్లుంటదే. ఊఁ అంటడు, ఆఁ అంటడు, నడుమ మాటలు మింగుతడు."

నవ్యశ్రీ విసుగుపడి, ఫోన్ ఆపి, అదే పాఠం తానే చదివింది. పద్మలత అన్నిటికీ జవాబులు చెప్పింది. బ్రౌన్‌కు రెండు రాత్రులకు గది కావాలి, కిటికీ ఉన్నది కావాలి, పొద్దున ఫలహారం వద్దు.

"చూసినవా, నువ్వు చదివితే వస్తది. గా దొర చదివితే రాదు. తప్పు ఆ దొరదే."

మూలన కూర్చున్న అంబదాస్, పద్మలత భర్త, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి గట్టిగా అరిచాడు. "ఏందే తల్లీబిడ్డలు గుసగుసలు పెట్టిన్రు? జర గట్టిగ మాట్లాడరాదుండ్రి!"

ఫోన్ అప్పటికే రెండిళ్ల అవతలికి వినబడేంత మోగి ఆగింది.

ఆ గల్లీలో ఎవరినైనా పిలవాలంటే భుజం తట్టాలి. తట్టి, ముందుకొచ్చి, మొహంలో మొహం పెట్టి మాట్లాడాలి. వెనక నుంచి పిలవడం, పక్క గదిలోంచి పిలవడం పొగరు కింద లెక్క. పిల్లలకు ఇది మర్యాద అని నేర్పుతారు. నవ్యశ్రీ కూడా అట్లాగే నేర్చుకుంది. ఎందుకని ఎన్నడూ అడగలేదు. మర్యాదను ఎవరు ఎందుకని అడుగుతారు?

ఆదివారం ముబీనా వచ్చింది. ముబీనా అంటే ఇంగ్లీషు చెప్పే మేడం. కరీంనగర్ పిల్ల, ఇరవై ఆరేళ్లు, ఆమెదీ ఏడాది ఒప్పందం కాగితం మీద నిలబడ్డ ఉద్యోగమే. ప్రణయ్ ఆమెకొక ఫారం ఇచ్చి పంపాడు. కాపీ కొట్టానని పద్మలత రాసిస్తే ఫైల్లో పెట్టకుండా మర్యాదగా పంపిస్తారట. తప్పు చేయనామె చేశానని రాసిస్తే చేసే మర్యాద అది.

పద్మలత ఇంట్లో లేదు. ఆర్డర్ ఉందని ఆ ఆదివారం కూడా సాంచాల షెడ్డు నడుస్తోంది, అక్కడ పనిచేసే అంబదాస్‌కు సాయం పోయింది. ముబీనా షెడ్డు వెతుక్కుంటూ పోయి తలుపు తీసి, అక్కడే ఆగిపోయింది. ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి దెబ్బ కొడుతున్నాయి. చప్పుడు చెవుల్లోకి రావడం కాదు, పళ్లలోకి వచ్చింది. గోడ మీద చెయ్యి పెడితే గోడ వణుకుతోంది. చివరి వరుసలో పద్మలత తెగిన పోగు ముడి వేస్తూ తలెత్తి చూసింది.

ముబీనా అరిచింది. "అక్కా! బయటికి రండి!" తన గొంతు తనకే వినబడలేదు.

అంత దూరం నుంచి పద్మలత తలూపింది, ఒక్క నిమిషం అని వేలు చూపింది. పక్క సాంచా మీదున్న అంబదాస్ వైపు తిరిగి పెదవులు కదిపింది, రెండు వేళ్లతో ఏదో గీసింది. ఆయన నవ్వి, గాలిలో చాయ కప్పు ఆకారం చూపించి, ముబీనా వైపు తల తిప్పాడు. చాయ తాపియ్యమన్నాడన్నమాట. ఇంత మాటలో ఒక్క శబ్దం లేదు.

ముబీనా నిలబడ్డ చోటి నుంచే, కావాలని, ఇంగ్లీషులో అడిగింది. గొంతు ఎత్తలేదు. "డిడ్ యూ కాపీ ఇన్ ద టెస్ట్?"

నాలుగు వరుసల అవతల పద్మలత మొహం మారింది. చేతిలో పోగు వదిలేసి పెదవులు విప్పి జవాబు చెప్పింది. ముబీనాకు ఒక్క ముక్క వినబడలేదు. పద్మలత దగ్గరికి నడిచొచ్చి, బయటికి లాక్కుపోయి, తలుపు మూసి అదే మాట గట్టిగా అంది: "నో మేడం. ఐ డిడ్ నాట్ కాపీ ఇన్ ద టెస్ట్. ఫుల్ సెంటెన్స్‌లనే చెప్పిన. ఒక్క మాటల చెప్తె సగం మార్కులని మీరే అన్నరు గద."

"నేనేమడిగిన్నో మీకు వినబడ్డదా అక్కా?"

"వినబడుడేంది? సూసిన."

ఇద్దరూ మురికికాలువ పక్క నుంచి రోడ్డు దిక్కు నడిచారు. పద్మలత ముందు, ముబీనా వెనక. ముబీనా ఆగి, మామూలు గొంతుతో అంది: "అక్కా, మీ కొంగు మోరీలో పడ్డది."

పద్మలత నడుస్తూనే ఉంది.

"అక్కా. పద్మలతక్కా."

నడుస్తూనే ఉంది. ముబీనా పరుగెత్తి భుజం తట్టింది. పద్మలత తిరిగింది.

"అక్కా, మీకు చెవులు సరిగ్గ వినబడ్తలేవు."

"నాకేం చెవుడు? నాకేమన్న ముసలితనమొచ్చిందా?" పద్మలత కోపంతో నవ్వింది. "మా గల్లీల అందరం గిట్లనే వింటం."

"అందరికి గట్లనే అయ్యింది అక్కా."

పద్మలతకు నవ్వు ఆగిపోయింది.

రోడ్డు పక్క అరుగు మీద కూర్చుంది. ఇరవై నాలుగేళ్లు. పదిహేనో ఏట సాంచాల షెడ్డుకు నూలు కండెలు చుట్టడానికి పోయింది, ముప్పై తొమ్మిదో ఏట బయటికొచ్చింది. ఇప్పుడు ఒక్కొక్కటే ముందుకొచ్చి నిలబడుతోంది. నవ్యశ్రీ పట్టీలు మోగడం లేదని ఆమె వాటిని చేసిన ఔసలాయనతో కొట్లాడింది. ఇప్పటి గజ్జెల్లో సరుకు లేదని నలుగురిలో పరువు తీసింది. ఆయన పట్టీలు ఊపి ఊపి చూపించాడు, ఆమె వినలేదు. కుక్కర్ విజిల్ పాడైందని రెండుసార్లు మార్చింది, అయినా అన్నం అడుగంటుతూనే ఉంది. పోయిన నెల కంపెనీలో, నిప్పంటుకుంటే మోగే మంటల గంటను ఊరికే మోగించి చూశారు. అందరూ లేచి బయటికి పోతే ఈ పదకొండు మంది తలొంచుకుని కుడుతూనే ఉన్నారు. ప్రణయ్ వాళ్లను అందరి ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. "పని మీద ధ్యాసంటే ఇదీ" అన్నాడు. వీళ్లు సిగ్గుపడుతూ నవ్వారు కూడా.

"ఇంగ్లీషోళ్లే నోట్లె బుక్క పెట్టుకున్నరనుకున్న," అంది పద్మలత. "గా దొర మంచిగనే మాట్లాడిండన్నట్టు. నా చెవులే ఎత్కపోయిన్రు. ఎవడు ఎత్కపోయిండో గూడ ఎర్కలేకపాయె."

ముబీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు పరేషాన్ కాకండక్కా. సార్‌తోటి నేను మాట్లాడ్త. ఫోన్ పెట్టి కాదు, మనిషి ముందర నిలబడి చదువుతే వీళ్లందరు పాసైతరని చెప్త. పదకొండు మంది పేర్లు రాసిస్త."

"మొకం మీద ఎలుగు పడేటట్టు నిలబడి సదవాలె," అంది పద్మలత. "బోర్డు దిక్కు తిరిగి మాట్లాడొద్దు. మీరు గూడ తిరుగుతరు మేడం. తిరిగినప్పుడల్ల నాకు సగం పాఠం పోతది."

ముబీనా ఒప్పుకోలు ఫారం చింపి మోరీలో పడేసింది. మంచి పిల్ల. పేర్లు రాసివ్వడమే ఆమె చేసిన తప్పు.

బుధవారం అన్నాల వేళ పదకొండు మందిని పై అంతస్తులో ఏసీ గదికి పిలిచారు. మూడేళ్లలో వాళ్లు ఆ గది తుడవడానికి పోయారు గాని కూర్చోవడానికి పోలేదు. మెత్తటి కుర్చీలు. పింగాణీ కప్పుల్లో చాయ. పక్కన బిస్కెట్లు. కనకవ్వ బిస్కెట్ ముంచుతూ పద్మలత వైపు పెదవులు కదిపింది: "లగ్గం సంబంధం సూడొచ్చినట్టున్నది."

బల్లకు అటు ప్రణయ్ కూర్చున్నాడు. వెనక కిటికీ, మొహం మీద నీడ. మూలన ముబీనా, తలొంచుకుని ఉంది. ఆమె తలెత్తకపోవడం చూసి పద్మలత కప్పు కింద పెట్టేసింది.

ఈసారి ప్రణయ్ మెత్తగా మాట్లాడాడు, పిడికిలి గడ్డం మీద ఆడిస్తూ. పద్మలత మెడ చాచి చూసి పట్టుకుంది, సగం మాటలు సగం ఊహ. "మీ చెవుల సంగతి ముబీనా మేడం చెప్పింది. అరే, ముందే చెప్పొద్దా అమ్మా? మీరు మా కుటుంబం. కరీంనగర్‌లో పెద్ద డాక్టర్ దగ్గర చూపిస్తం. బస్సు పెడతం. దానికే ఈ ఫారం. ఇంగ్లీషులో ఉందని భయపడకండి, అన్నీ ఇట్లనే ఉంటయి. కింద సంతకం పెడితే చాలు."

పదకొండు కాగితాలు, పదకొండు కొత్త పెన్నులు. పెన్నులు కూడా ఉంచుకోమన్నాడు.

కనకవ్వ దేవుడికి దండం పెట్టినట్టు కాగితం కళ్లకద్దుకుని పెన్ను మూత తీసింది. మిగతావాళ్లూ తీశారు. దవాఖానకు బస్సు పెడతానన్న కంపెనీని వాళ్లు జన్మలో చూడలేదు.

పద్మలత చదువుతోంది. ఐదు నెలలు అరగంట అరగంట నేర్చుకుంది ఇందుకోసమేనని ఆమెకు తెలియదు, నేర్పించిన కంపెనీకి అసలే తెలియదు. ముందు ఎవరు రాస్తున్నారో చూడాలి. తర్వాత ఎవరికి రాస్తున్నారో చూడాలి. ఏం కావాలంటున్నారో చివర చూడాలి, అసలు మాట చివరి వాక్యాల్లోనే దాచుకుంటారు. ముబీనా బోర్డు మీద రాసిన వరుస అది. పద్మలత వేలు పెట్టి ఒక్కో పంక్తి దిగింది. డాక్టర్ అన్న మాట ఎక్కడా లేదు. బస్సు అన్న మాట లేదు. 'విల్లింగ్లీ' దగ్గర వేలు ఆగింది. ఆ మాట ఆమెకు తెలుసు. చిరిగిన పెట్టెల సరుకును వాపసు తీసుకుంటామని స్మిత్ దొరసానికి రాసిన ఉత్తరంలో వచ్చింది. ఇష్టపూర్వకంగా.

తలెత్తింది. ఒళ్లంతా మండింది, గొంతు మాత్రం ఎత్తలేదు. బల్ల చుట్టూ ఉన్న పది మందిని చూసి, వేలితో బల్ల అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది. సాంచా మీద చెయ్యి పెట్టి పెరిగిన వాళ్లకు చెక్కలో వణుకు చాలు, పది తలలూ లేచాయి. పద్మలత పెదవులు మాత్రమే కదిపింది. కుడిచేత్తో గాలిలో పోగు తెంపింది. షెడ్డులో ఆ సైగకు ఒకటే అర్థం: ఆపు, పోగు తెగింది.

పది పెన్నులు బల్ల మీద పడ్డాయి.

మంచి చెవులున్న ప్రణయ్‌కు ఏమీ వినబడలేదు. పెన్నులు పడ్డ చప్పుడు ఒక్కటే వినబడింది. "ఏమైంది? ఎవరేమన్నరు?"

కనకవ్వ అడిగింది, ఈసారి గొంతుతోనే. "దవాఖానకు గాదానే పద్మా?"

"ఇంటికి," అంది పద్మలత. కాగితం ఎత్తి పట్టుకుని తెలుగులో చదివింది. "'నాకు చెవుల జబ్బు ఉన్నది. మంటల గంట నాకు వినబడదు. అందువల్ల నేను నాకూ, నా తోటి పనివాళ్లకూ ప్రమాదము. నా ఇష్టపూర్వకంగా ఈ రోజు నుండి పని మానుకుంటున్నాను. కంపెనీ మీద నాకు ఏ ఫిర్యాదు లేదు, ఇక ముందు కూడా ఉండదు.' గిదీ బస్సు. గిదీ డాక్టర్."

కనకవ్వ చాయ కప్పును బల్ల నడుమకు నెట్టేసింది. సగం తాగిన చాయ కాగితాల మీద ఒలికింది. "థూ," అంది. "బిస్కెట్ గూడ తిన్న."

ప్రణయ్ నవ్వబోయాడు. "అట్ల కాదమ్మా, అది లీగల్ భాష. నీకు వచ్చిన ఇంగ్లీషుకు అట్ల అర్థమైతది గాని..."

"మొన్న నాకు ఇంగ్లీషు ఎక్కువొచ్చిందని దొంగన్నవు. ఇయ్యాల తక్కువొచ్చిందంటున్నవు. ఏదన్న ఒకటి మీద నిలబడు సార్."

పద్మలత ముబీనా వైపు తిరిగింది. "మేడం, మా పేర్లు రాసిచ్చింది మీరేనా?"

ముబీనా తలెత్తి, పెదవులు కనబడేటట్టు చెప్పింది. "నేనే అక్కా. మీ మంచికే రాసిచ్చిన. ఇట్ల చేస్తరనుకోలే."

"మంచికే ఇచ్చినవు బిడ్డా. అడిగి ఇయ్యాల్సింది. మా చెవులు, మా పేర్లు."

ముబీనా తల వంచలేదు. ఆ మాట పూర్తిగా తీసుకుంది.

ప్రణయ్ లేచాడు. "మీటింగ్ అయిపోయింది. సంతకం పెట్టేవాళ్లు పెట్టండి, లేకపోతే కిందికి పోండి. మీ లైన్లకు రేపటి నుంచి వేరేవాళ్లు వస్తున్నరు."

"కూసో సార్," అంది పద్మలత. "ఇప్పుడే మొదలైంది. మేడం మాకు గిట్లనే నేర్పిన్రు. పాసేజీ ఇచ్చినంక ప్రశ్నలడగాలె. పాసేజీ మీరిచ్చిన్రు, ప్రశ్నలు నేనడుగుత."

ఆమె ఇంగ్లీషులో అడిగింది. వంకరగా, ముక్కలు ముక్కలుగా, కుట్టు వేసినట్టు ఒక్కో మాటా నొక్కి అడిగింది.

"క్వశ్చన్ నంబర్ వన్. దిస్ లెటర్ సేస్ 'ఐ'. హూ ఈజ్ దిస్ 'ఐ'? హూ రోట్ దిస్ లెటర్?"

ప్రణయ్ తలుపు దిక్కు చూశాడు.

"క్వశ్చన్ నంబర్ టూ. హూ ఈజ్ లీవింగ్ విల్లింగ్లీ? షో మీ వన్ పర్సన్ ఇన్ దిస్ రూమ్."

పదకొండు మంది ఆయన పెదవుల్నే చూస్తున్నారు. అంతమంది ఒకేసారి తన నోటి వంక అట్లా చూడడం ప్రణయ్ ఎన్నడూ చూడలేదు. చెయ్యి దానంతటదే లేచి మూతికి అడ్డమొచ్చింది.

"మూడోది తెలుగుల అడుగుత, అందరికీ తెల్వాలె. గిది పాసేజీల లేదు, సొంత మాటలల్ల చెప్పాలె." పద్మలత నిలబడింది. "పోయిన నెల గంట మోగితే మేం లేవలే. అప్పుడు మీరు మాకు చప్పట్లు కొట్టిచ్చిన్రు. గప్పుడు మేం ప్రమాదం గాలే, ఇప్పుడెట్లయినం? గంటకు తోడు ఎర్ర లైటు ఒకటి పెడితే పదకొండు మందిమి అందరికన్న ముందుగాల లేస్తం. సాంచా మీద పోగు తెగితే ఎన్నడన్న విన్నమా? సూసినం. ఇరవై నాలుగేండ్లు సూసినం. మరి లైటు పెట్టకుంట మమ్ములనెందుకు తీస్తున్నరు? సొంత మాటలల్ల చెప్పుండ్రి."

ప్రణయ్ పిడికిలి వెనక నుంచి ముబీనాతో ఏదో అన్నాడు, తొందరగా, కిందికి చూస్తూ. సెక్యూరిటీని పిలవమన్నాడో, వీళ్లను పంపమన్నాడో, పద్మలతకు తెలియలేదు. ముబీనాకు తెలిసింది. ఆమె లేచింది. తలుపు దిక్కు రెండడుగులు వేసింది. అక్కడ గోడ మీద స్విచ్చులున్నాయి. ఒకటి నొక్కింది.

ప్రణయ్ నెత్తి మీది లైటు వెలిగింది. నీడ పోయి, మొహం మొత్తం తెల్లగా బయటపడింది. చెమట, పిడికిలి, పిడికిలి కింద మూతి అంచు. ముబీనా తలుపు తీయలేదు. వెనక్కి వచ్చి, మూలనున్న తన కుర్చీ ఎత్తుకుని, పదకొండు మంది పక్కన వేసుకుని కూర్చుంది.

కింద మిషన్లు మొదలయ్యాయి. అన్నం గంట అయిపోయిందన్నమాట. ఆ వణుకు బల్లలోకి వచ్చింది, చాయ నీళ్లు కాగితాల మీద సన్నగా కదిలాయి. ఒక్క ఆడమనిషి కూడా లేవలేదు.

పద్మలత బల్ల మీదికి వంగింది. ఆమె కళ్లు ప్రణయ్ మూతి మీదే ఉన్నాయి.

"చెయ్యి తియ్యి సార్," అంది. "ఫుల్ సెంటెన్స్‌ల చెప్పాలె."